లోకపాలకుల కవచాలు: విజయనగరంలో దొరికే అద్దె సెట్టు

చైనాలోని దున్‌హువాంగ్‌లో 10వ శతాబ్దపు కొన్ని బౌద్ధ గుహల్లో, దిక్కుల్ని కాచే నలుగురు లోకపాలకులు పైకప్పు మూలల్లో బొమ్మలుగా ఉంటారు. వాళ్లని కూచిపూడి అడుగుల్లో చూపించాలనుకునేవారికి కోట దగ్గర దొరికే ఈ సెట్టు చాలావరకు పనికొస్తుంది. ఫోమ్ కవచం తేలిక, చెమటకి రంగు దిగదు. లోపమంతా భుజాల దగ్గరే. భుజం రేకుల్ని ఛాతీ ముక్కకి కలిపి కుట్టేశారు. చెయ్యి తలపైకి లేపితే కవచం మొత్తం లేచి గడ్డానికి తగులుతుంది. కుట్టు విప్పి 2 అంగుళాల ఎలాస్టిక్‌కి వేలాడదీయమనండి, చేసిస్తారు. ముందు వేలాడే పట్టాకి నడిమధ్య చీలిక తప్పనిసరి, లేకపోతే అరమండిలో (సగం కూర్చున్న భంగిమలో) మోకాళ్లు విచ్చుకోవు.

ఉత్తర దిక్కు కాచే వైశ్రవణుడి అరచేతిలో స్తూపం మాత్రం అద్భుతం! థర్మోకోల్‌తో చేసి, అడుగున వేళ్లు దూరే పట్టీ పెట్టారు. గిర్రున తిరిగినా జారదు. ఉత్తరీయం 5 మీటర్లుంది, కాళ్లకి చుట్టుకుంటుంది, 3.5 చాలు.