నెగెటివ్ కింద పెట్టే లైటు: మూడేళ్లు వాడాక

గుంటూరు బ్రాడీపేటలో నాన్న నడిపిన స్టూడియో మూసేశాక, నెగెటివ్‌లన్నీ రెండు ఇనుప ట్రంకు పెట్టెల్లో విజయవాడ గాంధీనగర్‌లోని మా ఫ్లాటుకి చేరాయి. మూడేళ్లుగా వాటిని కెమెరాతో ఫోటో తీసి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. ఈ పని మొదలుపెట్టేవాళ్లు ఏ కెమెరా, దగ్గర్నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్ ఏది అని అడుగుతారు. ముందు అడగాల్సింది లైటు గురించి. అక్కడ పొరబడే నేను ఎనభై కలర్ రోల్స్ రెండోసారి తీయాల్సి వచ్చింది.

మొదటి ఏడాది వాడింది బొమ్మలు ట్రేస్ చేసుకునే పల్చటి ఎల్ఈడీ ప్యాడ్. బ్లాక్ అండ్ వైట్‌కి దాంతో ఏ ఇబ్బందీ లేదు. అందులో ఉండేది వెండి సాంద్రత ఒక్కటే కాబట్టి లైటు సమంగా పడితే చాలు, రంగు ఎలా ఉన్నా ఫరవాలేదు. ఒక్క జాగ్రత్త: వెలుగు తగ్గించినప్పుడు ఆ ప్యాడ్ కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంది. షట్టర్ స్పీడు 1/250 సెకను పెడితే ఫోటోలో చారలు కనిపించాయి. ఫుల్ వెలుగులో, 1/15లో తీస్తే పోయాయి.

చిక్కంతా కలర్‌తోనే వచ్చింది. 1986లో జరిగిన అమ్మానాన్నల పెళ్లి రోల్ తీసి చూపిస్తే అమ్మ చాలాసేపు చూసి, "అంచు ఇది కాదురా, కుంకుమ రంగు. ఇటుకలా ఉందేంటి?" అంది. బీరువాలోంచి ఆ చీరే తెచ్చి మానిటర్ పక్కన పరిచింది. అరిటాకు పచ్చ చీర, నిండు కుంకుమ రంగు అంచు. రెండు రాత్రులు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రంగులు మార్చే స్లైడర్లతో కుస్తీ పట్టాను. అంచు సరిచేస్తే ముఖాలు జ్వరం వచ్చినట్టు ఎర్రబడేవి. ముఖాలు సరిచేస్తే అంచు మళ్లీ ఇటుకే.

కారణం ఇదీ. కలర్ నెగెటివ్‌లో సయాన్, మెజెంటా, పసుపు అని మూడు రంగుల పొరలుంటాయి. సయాన్ పొరను ఎరుపు కాంతితో, మెజెంటాను ఆకుపచ్చతో, పసుపును నీలంతో చదవాలి. మామూలు తెల్ల ఎల్ఈడీ అంటే నీలం ఎల్ఈడీ మీద ఫాస్ఫర్ పూత. చవక రకాల్లో ముదురు ఎరుపు బాగా తక్కువ, ఉన్న ఎరుపు కూడా చాలావరకు నారింజ దగ్గరే ఆగిపోతుంది. అక్కడ మెజెంటా పొర కూడా కొంత అడ్డుపడుతుంది. దాంతో కెమెరా ఎర్ర చానెల్‌లోకి రెండు పొరలూ కలిసి వచ్చేస్తాయి. అలా కలిసిపోయాక స్లైడర్లతో విడదీయడం నా వల్ల కాలేదు.

అందుకే లైటు కొనేటప్పుడు సీఆర్ఐ, అంటే ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె, చూడమంటారు. 100కి దగ్గరగా ఉంటే మంచిదే, 95 దాటాలి. కానీ ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. నిండు ఎరుపుని కొలిచే ఆర్9 అందులో కలవదు. కాబట్టి ఆర్9 ఎంతో విడిగా అడగండి. పైగా సీఆర్ఐ మన కంటికి రంగులు ఎలా కనబడతాయో చెప్పే కొలత, ఫిల్మ్ కోసం పుట్టింది కాదు. పూర్తి భరోసా కాదుగానీ, షాపులో చూడటానికి అంతకంటే ఆధారం దొరకదు.

ఇప్పుడు రెండేళ్లుగా వాడుతున్నది వీడియోగ్రాఫర్లు కెమెరా మీద బిగించుకునే అరచేతంత ఎల్ఈడీ ప్యానెల్. సీఆర్ఐ 95 పైన, కొన్నప్పటి ధర మూడున్నర వేలు. దాన్ని ఎప్పుడూ 5600 కెల్విన్ మీదే, అంటే పగటి వెలుగులాంటి తెలుపు మీదే ఉంచుతాను. నెగెటివ్‌కుండే నారింజ ఛాయ నీలాన్ని బాగా మింగేస్తుంది. లైటు కూడా పసుపచ్చగా ఉంటే నీలం చానెల్‌లో గింజలు గింజలుగా నాయిస్ వస్తుంది. బ్యాటరీ మీద మాత్రం నడపకండి. ఒకసారి చార్జింగ్ దిగేకొద్దీ వెలుగు తగ్గి, ఒకే రోల్‌లో మొదటి ఫ్రేముకీ ముప్పయ్యో ఫ్రేముకీ పొంతన లేకుండా పోయింది. అడాప్టర్ పెట్టాక ఆ టెన్షన్ లేదు.

ప్యానెల్ మీద నేరుగా ఫిల్మ్ పెడితే ఎల్ఈడీ చుక్కలు కనిపిస్తాయి. సైన్‌బోర్డులు చేసే షాపులో మిగిలిన 3 మిల్లీమీటర్ల పాలరంగు ఆక్రిలిక్ ముక్క తెచ్చి ప్యానెల్‌కి కాస్త పైన నిలబెట్టాను. దానికి మూడు సెంటీమీటర్ల పైన ఫిల్మ్. ఆ ఎడం ఉంటే ఆక్రిలిక్ మీది దుమ్ము ఫోకస్‌లోకి రాదు. ఫ్రేము చుట్టూ నల్ల చార్టు పేపర్ కత్తిరించి వేయండి. పక్కల నుంచి వచ్చే వెలుగు లెన్స్‌లో పడితే నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది. సెటప్ అయ్యాక ఫిల్మ్ లేకుండా ఒక ఫోటో తీసి కాంట్రాస్ట్ బాగా పెంచి చూడండి, మూలలు నల్లబడుతున్నాయో లేదో తెలిసిపోతుంది.

ట్యాబ్లెట్ స్క్రీన్ కూడా వాడి చూశాను. వెలుగు చాలక ఒక సెకను ఎక్స్‌పోజర్ ఇవ్వాల్సి వచ్చేది, ఆ సెకనులో సీలింగ్ ఫ్యాను అదురుకి ఫిల్మ్ మీది సన్నటి గింజలు (గ్రెయిన్) అలుక్కుపోయేవి. మే నెలలో బెజవాడలో ఫ్యాను ఆపి పనిచేయడం నా వల్ల కాలేదు.

ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్ఈడీలు విడివిడిగా ఉండే లైటు ఒకటి స్నేహితుడి దగ్గర నెల రోజులు తెచ్చుకున్నాను. కలర్ నెగెటివ్‌లకు నా ప్యానెల్ కంటే అదే మేలు, సందేహం లేదు. పొరలు శుభ్రంగా విడిపోయి, సరిచేయాల్సిన పని సగానికి తగ్గింది. రంగులు తిరగబడకుండా ఉన్నవి ఉన్నట్టే కనిపించే స్లైడ్ ఫిల్ముకి మాత్రం అది పనికిరాదు, దానికి మంచి తెల్ల లైటే కావాలి. నా పెట్టెల్లో రెండూ ఉన్నాయి కాబట్టి ప్యానెల్‌తోనే ఉండిపోయాను.

పెళ్లి రోల్ మళ్లీ తీశాక అంచు కుంకుమ రంగుకి వచ్చింది. చీరంత నిండుగా లేదు. ఇన్నేళ్లలో ఫిల్మే కొంత వెలిసింది, అది లైటు తప్పు కాదని నాన్న అన్నాడు. ఇక మిగిలినవి 120 అనే వెడల్పాటి ఫిల్మ్ నెగెటివ్‌లు. వాటికి ఈ అరచేతి ప్యానెల్ మూలల్లో వెలుగు చాలడం లేదు. పెద్దది వెతుకుతున్నాను, ఆర్9 ఎంతో చెప్పిన షాపులోనే కొంటాను.