లైబ్రరీలో వేసవి శిబిరం: మా పాపని పంపాను, ఎలా ఉందో చెప్తా

ముందే చెప్పేస్తున్నా, ఊరి పేరూ లైబ్రరీ పేరూ రాయను. కింద కొన్ని తిట్లు కూడా ఉన్నాయి, ఆ లైబ్రేరియన్ గారు మంచాయన, ఆయనకి మాట రావడం నాకిష్టం లేదు. శ్రీకాకుళం జిల్లాలో ఒక శాఖా గ్రంథాలయం అనుకోండి, చాలు.

మా పాపకి ఐదో క్లాసు పరీక్షలైపోయాయి. ఎండకి బయటికి పంపలేం, ఇంట్లో ఉంటే ఫోను వదల్దు. డ్రాయింగు క్లాసుకి అడిగితే వాళ్లు చెప్పిన ఫీజు విని బేగి ఇంటికొచ్చేశాను. నాదేమో టైలరింగు షాపు, అది పెళ్లిళ్ల సీజను, జాకెట్లు గుట్టలుగా పడున్నాయి, దీన్నెక్కడ పెట్టాల్రా దేవుడా అనుకుంటుంటే షాపుకొచ్చిన ఒకావిడ చెప్పింది, లైబ్రరీలో పిల్లలకి శిబిరం పెడతన్నారు, పైసా కట్టక్కర్లేదు అని. ఫ్రీ అంటే నాకు అనుమానమే, అక్కడేటుంటాది, పేపర్లు చదివే పెద్దాళ్లు తప్ప అనుకున్నా. తర్వాత తెలిసింది అది ఫ్రీ కూడా కాదని. మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తారంట, 1960లో చేసిన చట్టం ప్రకారం. అంటే ఇన్నేళ్లూ కడతానే ఉన్నాను, గుమ్మం మాత్రం తొక్కలేదు.

మొదటి వారం చెత్త. ఉన్నమాటే చెప్తున్నా. ప్రారంభోత్సవం అని గంటన్నర స్పీచులు, పిల్లలు కింద కూచుని చెమటలు కారుస్తుంటే స్టేజీ మీదోళ్లకి మాత్రం ఫ్యాను. మర్నాడు డ్రాయింగు. ముప్పైమంది పిల్లలకి రెండు క్రేయాన్ డబ్బాలు, ఆకుపచ్చ రంగు కోసం కొట్టేసుకున్నారంట, మా పాప నీలం చెట్టు వేసుకొచ్చింది. ఎనిమిదింటికి అని బోర్డు మీద రాసుంటాది, తాళం తీసేసరికి ఎనిమిదిన్నర దాటుతాది. బాత్రూమ్ సంగతి అడక్కండి, మా పాప ఇంటికొచ్చేదాకా ఆపుకునేది, అదొక్కదానికే నేను గట్టిగా గొడవపడ్డాను.

మాన్పించేద్దాం అనుకున్నా. రెండో వారంలో ఒక రిటైర్డు మాస్టారు వచ్చారు, అక్కణ్ణించి మారింది కథ. ఆయన మొదటిరోజు పడవ లైబ్రరీ గురించి చెప్పారంట, 1935లో పాతూరి నాగభూషణం గారని, పుస్తకాలన్నీ పడవలోకెక్కించి కృష్ణా కాలవ మీద ఊరూరా తిప్పారని. పిల్లల చేత కాయితం పడవలు చేయించి, మీ పడవలో ఏం పుస్తకం పెడతారో రాయండి అన్నారు. మాది 'మామ్మ చెప్పిన కథ' అని రాసింది. అయితే ఆ కథే పట్రామ్మా అన్నారాయన. అందరికీ అదే పని, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లని కూచోబెట్టి ఒక కథ అడగాలి, రాజులూ దెయ్యాలూ వద్దు, వాళ్లకి జరిగింది కావాలి.

మా అత్తగారిది ఉద్దానం వైపు, మా జిల్లాలోనే సముద్రం ఒడ్డున కొబ్బరి తోటలుండే చోటు. తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి గురించి ఆవిడ మా దగ్గర పెద్దగా ఎప్పుడూ మాట్లాడలేదు, కొబ్బరి తోట పోయింది అని ఒక్క ముక్కనీసి ఊరుకునేది. 2018 అక్టోబరు 11న తెల్లారగట్ల ఏమైందో మనవరాలికి చెప్పింది. నేను మిషన్ తొక్కుతూ వింటున్నాను, కాసేపటికి కాలాగిపోయింది. పొద్దున్న తలుపు తీసేసరికి పెరట్లోంచి సముద్రం కనబడిందంట. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ చెట్ల చాటున హోరు వినడమే గాని ఇంటి దగ్గర నిలబడి సముద్రాన్ని చూళ్లేదంట ఎప్పుడూ. ఆ ఇంట్లో అన్నేళ్లు కాపరం చేసినావిడ.

మాస్టారిలో నాకు నచ్చింది ఏంటంటే భాష దిద్దలేదు. 'తోట ఎల్లిపోనాది' అని మామ్మ అంటే అలాగే రాయమన్నారు. స్కూల్లో ఐతే ఎర్ర ఇంకు పడేది.

తర్వాత పుస్తకం కుట్టడం. స్వీటు డబ్బా అట్టలు, మైదా జిగురు, కాయితాలు మడతేసి మధ్యలో ఐదు చిల్లులు, దబ్బనంతో కుట్టు. షాపులో మిగిలిన గుడ్డముక్కలు ఒక సంచి పంపాను, అందరి అట్టలకీ అవే అంటించారు. కుట్టు మాత్రం మొదట వదులుగా వేయించారు, నేనెళ్లి విప్పించి మళ్లీ కుట్టించాను, చూస్తా ఊరుకోలేను కదా.

ఆఖర్రోజు లైబ్రేరియన్ గారు చేసిన పని ఐతే ఎంత పొగిడినా తక్కువే. పిల్లల పుస్తకాలు ఒక్కోటి తీసి రిజిస్టరులో ఎక్కించి, లైబ్రరీ ముద్ర కొట్టి, 894.827 అని నంబరు వేశారు, అది తెలుగు సాహిత్యం నంబరంట. వెనక తేదీల చీటీ కూడా అంటించారు. స్టాంపు పడ్డప్పుడు ఆ గుంటల మొహాలు చూడాల్సింది! సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు గాని అవి ఎక్కడున్నాయో మాకే తెలీదు.

తర్వాతో ఆదివారం శ్రీకాకుళం తీసికెళ్లి కథానిలయం బయట్నుంచైనా చూపించాను. కథలు రాసే కాళీపట్నం రామారావు గారు, అదే కారా మాస్టారు, 1997లో పెట్టారు, తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒక్కచోట ఉండాలని. 'నాది కూడా ఇక్కడ పెడతారా' అని అడిగింది. అచ్చవ్వాలే అన్నాను. ఎక్కడ అచ్చేస్తారు అని ఇప్పటికీ పీకుతోంది.

ఇప్పుడు అసలు కంప్లయింటు. బళ్లు తెరిచాక శిబిరం ఐపోయింది, దాంతోపాటు అన్నీ ఐపోయాయి. జులైలో వెళ్తే పిల్లల పుస్తకాలు అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసున్నాయి, చింపేస్తారని భయమంట. చింపనీయండి సార్, మళ్లీ కుట్టుకుంటారు అన్నాను. నెలకో ఆదివారమైనా ఇలాంటిది పెట్టండి అంటే, 'నేనొక్కణ్ణే కదమ్మా, పుస్తకాలిచ్చేది చూడనా పిల్లల్ని చూడనా' అన్నారు. అదీ నిజమే, ఉన్నది ఆయనా ఒక అటెండరూ.

ఐదుకి మూడున్నర ఇస్తాను. మొదటి వారానికి ఒకటి, ఆ మాస్టారి వారాలకి ఐదు, బాత్రూమ్ లెక్కలోకి తీసుకోలేదు. పంపేవాళ్లు క్రేయాన్లూ నీళ్ల సీసా ఇంటి నుంచే ఇచ్చి పంపండి. పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవాలంటే డిపాజిట్ కట్టాలి, మానేసినప్పుడు తిరిగిచ్చేస్తారు. శుక్రవారం సెలవు, ఎళ్లకండి. బీరువా తాళం టేబులు సొరుగులోనే ఉంటాది, అడిగితే తీస్తారు.