విజయనగరంలో స్కూలు పుస్తకాలు కొనేవాళ్ళు జాగ్రత్త

ఇప్పుడే షాపు నుంచి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఏ షాపో ఇక్కడ పిల్లల పుస్తకాలు కొనేవాళ్ళకి తెలుసు, పేరు రాయను.

మా పాపకి తొమ్మిదో తరగతి ఇంగ్లీషులో షేక్‌స్పియర్ రాసిన జూలియస్ సీజర్ నాటకం ఉంది. నోట్స్‌తో ఉన్న పుస్తకం 380 రూపాయలకి మొన్న ఆదివారం కొన్నాను. ప్లాస్టిక్ సీలు ఉంది కదా అని లోపల చూడలేదు. బిల్లూ అడగలేదు. ఆ రెండూ నా తప్పులే.

నిన్న రాత్రి పాప చదువుకుంటూ, "అమ్మా, సీజర్‌ని చంపిన బ్రూటస్‌కి ఇందాక జేజేలు కొట్టిన జనమే సిన్నా అనే కవిని ఎందుకు చంపేస్తున్నారు?" అని అడిగింది. తీసి చూద్దును కదా, 80వ పేజీ తర్వాత మళ్ళీ 65! అక్కణ్ణించి ఇంకోసారి 80 దాకా వచ్చి, ఆపైన 97. పదహారు పేజీల కట్ట ఒకటి రెండుసార్లు బైండింగులో పెట్టి, దాని తర్వాతది వదిలేశారు. సీజర్ స్నేహితుడు ఆంటోనీ ప్రసంగం మొత్తం ఆ పోయిన పేజీల్లోనే ఉంది. బ్రూటస్ గౌరవనీయుడంటూనే ఆంటోనీ జనం మనసు విరిచేసేది, మనిషికి 75 ద్రాక్మాలు రాసిన సీజర్ వీలునామా చదివేది అక్కడే. అది లేకపోతే పిల్లకి నాటకం ఏం అర్థమవుతుంది? గురువారం క్లాసులో ఆ ప్రసంగమే అప్పజెప్పాలి.

ఇవాళ పాపని తీసుకుని వెళ్ళి, పుస్తకం తెరిచి కౌంటరు మీద పెట్టాను. షాపాయన పేజీ నంబర్లు చూడనే లేదు. "సీలు చింపేసారు కదమ్మా, ఇంకేటి చేస్తాం" అన్నాడు. సీలు తీయకుండా పేజీలు లేవని ఎలా తెలుస్తుందండీ అన్నాను. అప్పుడు మా పాప వైపు తిరిగి, "నువ్వే చింపేసి అమ్మకి చెప్పట్లేదేటి?" అన్నాడు. అంతమంది ముందు.

యూకేజీ నుంచి దాని పుస్తకాలన్నీ ఆ షాపులోనే కొన్నాం. పుస్తకం మీద పెన్నుతో గీత కూడా పెట్టని పిల్ల. కళ్ళనిండా నీళ్ళతో, "చింపితే 65 రెండోసారి ఎలా వస్తుంది అంకుల్?" అని మెల్లగా అడిగింది. ఆయన పుస్తకాన్ని మోచేత్తో పక్కకి తోసి, వెనకున్నవాళ్ళని ఏం కావాలని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. పాప అడిగిన మాట నేను అడగాల్సింది. అదే మింగుడుపడటం లేదు.

మీరు మాత్రం డబ్బులిచ్చే ముందే సీలు తీయించి పేజీ నంబర్లు తిప్పి చూడండి, బిల్లు తీసుకోండి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం లోపమున్న సరుకు వాపసు తీసుకోకపోవడం తప్పు. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు. ఫోన్‌లో డబ్బులు కట్టిన మెసేజ్ ఉంది, రేపు పొద్దున్నే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను.

మీ పిల్లల దగ్గర ఇదే పుస్తకం పూర్తిగా ఉంటే ఒక్కరోజు ఇవ్వగలరా? గురువారం లోపు కావాలి.