సాలీళ్ల నమోదుకి ఐనాచురలిస్ట్ యాప్, క్లిప్ లెన్స్, యూవీ టార్చి: కొన్నేళ్లు వాడాక

ఐనాచురలిస్ట్ గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే: "ఫోటో పెడితే పురుగు పేరు కరెక్టుగా చెప్తుందా?" విజయనగరంలో మా ఇంటి గోడల మీద, తాటిపూడి రిజర్వాయరు గట్ల మీద, సోంపేట దగ్గర మా సొంతూరి జీడి, కొబ్బరి తోటల్లో కొన్నేళ్లుగా దీన్ని వాడుతున్నాను కాబట్టి చెప్తున్నాను. సీతాకోకచిలుకలకి చాలావరకు చెప్తుంది. తూనీగలకి ఫర్వాలేదు. సాలీళ్ల దగ్గరికి వచ్చేసరికి సగం దారి తీసుకెళ్లి ఆగిపోతుంది. అయినా నా ఫోన్‌లోంచి ఎప్పుడూ తీసెయ్యని యాప్ ఇదే. ఎందుకంటే ఏ జీవి, ఏ తేదీన, ఏ చోట కనిపించిందో ఫోటోతో సహా రాసి పెట్టుకోవడానికి, ఆ రాసింది ఇంకొకరికి పనికొచ్చేలా ఉంచడానికి నాకు ఇంతకంటే మంచిది దొరకలేదు.

ఇది 2008లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. 2023 నుంచి లాభాపేక్ష లేని సొంత సంస్థగా నడుస్తోంది. డబ్బులు కట్టక్కర్లేదు. మనం ఫోటో పెట్టగానే కంప్యూటర్ కొన్ని పేర్లు సూచిస్తుంది. ఆ తర్వాత వేరే సభ్యులు చూసి ఒప్పుకుంటారు, లేదా కాదంటారు. తేదీ, చోటు, ఫోటో సరిగ్గా ఉండి, కనీసం ఇద్దరు పేరు చెప్పి, చెప్పినవాళ్లలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది ఒకే జాతి పేరు మీద నిలబడితే దానికి "రీసెర్చ్ గ్రేడ్" వస్తుంది. మన లైసెన్స్ అనుమతిస్తే అలాంటి రికార్డు జీబిఫ్ అనే అంతర్జాతీయ డేటా నిధిలోకి వెళ్తుంది. అక్కడి నుంచి పరిశోధకులు ఎవరైనా తీసుకోవచ్చు. కుండీలో పెంచే మొక్క, పంజరంలో జంతువు లాంటివి పెడితే అవి విడిగా "క్యాజువల్" కింద ఉండిపోతాయి. నాకు ఈ పద్ధతంతా నచ్చింది. ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అన్నది అందరి కళ్ల ముందే ఉంటుంది.

ఇక కంప్యూటర్ సూచనల సంగతి. అది అంతకుముందు చూసిన ఫోటోల మీద నేర్చుకుంది. తగినన్ని ఫోటోలు ఉన్న జాతుల పేర్లే దానికి తెలుసు. చుట్టుపక్కల ఎవరైనా నమోదు చేసినవాటికి ముందు పీట వేస్తుంది. మ్యాప్ తెరిచి చూడండి, హైదరాబాద్, బెంగళూరు చుట్టూ చుక్కలు గుబురుగా ఉంటాయి. మన ఉత్తరాంధ్ర వైపు వచ్చేసరికి పల్చబడతాయి. అందుకని మన దగ్గరి సాలీడుకి అది ఎక్కడో దూరాన ఉండే జాతి పేరు సూచించినా ఆశ్చర్యం లేదు. ప్రపంచం మొత్తం మీద సాలీడు జాతులు 50,000 దాటాయని 2022లోనే లెక్క తేలింది. వాటిలో గెంతే సాలీళ్ల కుటుంబమే 6,000కు పైన. చాలా జాతుల్ని మైక్రోస్కోప్ కింద ఆడదాని పొట్ట అడుగున ఉండే జననాంగం, మగదాని నోటి పక్కన ఉబ్బిన పాల్ప్ అనే చిన్న అవయవం చూసి తేల్చాల్సిందే. ఫోన్ ఫోటోతో అది ఎవరివల్లా కాదు. కాబట్టి సూచనల్లో మొదటి పేరు నొక్కేసి వెళ్లిపోవద్దు. "ఫలానా ప్రజాతి" (దగ్గరి జాతుల గుంపు) దగ్గరో, "ఫలానా కుటుంబం" (అలాంటి ప్రజాతుల గుంపు) దగ్గరో ఆగండి. తప్పుడు జాతి పేరు కంటే సరైన ప్రజాతి పేరు వెయ్యి రెట్లు నయం. నా రికార్డుల్లో చాలా సాలీళ్లు ఇప్పటికీ ప్రజాతి దగ్గరే ఉన్నాయి, దానికి నాకేం దిగులు లేదు.

సాలీడు ఫోటోకి నేను పాటించే పద్ధతి చెప్తాను, ఎందుకంటే పేరు తెలియడం చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది. ముందు దూరం నుంచి ఒకటి, వలతో సహా. పారిపోతే ఇదైనా మిగులుతుంది. తర్వాత పైనుంచి ఒకటి. ఆ తర్వాత ముఖానికి ఎదురుగా, కళ్లు కనపడేలా. కళ్ల వరసే కుటుంబాన్ని పట్టిస్తుంది: తోడేలు సాలీడుకి కింద వరసలో నాలుగు చిన్నవి, దాని పైన రెండు పెద్దవి, ఇంకా వెనక రెండు, గెంతే సాలీడుకి ముందు రెండు కళ్లు హెడ్‌లైట్లలా పెద్దగా ఉంటాయి. వల కట్టేదైతే కిందివైపు నుంచి పొట్ట కూడా తియ్యాలి. పక్కన చిన్న స్కేలు ముక్క పెడితే సైజు తెలుస్తుంది. ఈ ఫోటోలన్నీ ఒకే రికార్డులో పెట్టాలి. పక్క కొమ్మ మీద అలాంటిదే ఇంకోటి కనిపిస్తే దానికి వేరే రికార్డు.

మన ఇళ్లలో ఉండే పెద్ద గోధుమరంగు సాలీడుతో మొదలుపెడితే అలవాటు అవుతుంది. రాత్రి గోడ మీద చదునుగా కాళ్లు చాపుకుని ఉంటుంది, అందరూ చీపురు తీసేది దీని మీదకే. దీని శాస్త్రీయ నామం హెటెరోపోడా వెనటోరియా. ముఖం మీద కళ్ల కింద అడ్డంగా తెల్లటి పట్టీ కనపడితే దాదాపు ఖాయం. బొద్దింకల్ని తింటుంది. మా ఇంట్లో అయితే దాన్ని ఎవరూ కొట్టరు. ఆడది గుడ్ల సంచిని బిళ్లలా పొట్ట కింద పట్టుకుని తిరుగుతున్న రోజుల్లో మా అమ్మ ఆ మూల దులపడం కూడా మానేసింది.

క్లిప్ లెన్స్ గురించి. ఆన్‌లైన్‌లో ఐదారు వందలకి దొరికేది నాది, పేరున్న కంపెనీదేమీ కాదు. దీనితో పురుగుకి రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లాలి. చీమలు, గెంతే సాలీళ్లు, ఆకు మీద కదలకుండా ఉండే పేనుబంక లాంటివాటికి బ్రహ్మాండం. తూనీగకి, పెద్ద వల మధ్యలో ఉన్న సాలీడుకి అనవసరం. స్పష్టంగా కనిపించే భాగం చాలా సన్నం కాబట్టి కళ్లు స్పష్టంగా వస్తే కాళ్లు మసకబారతాయి. గాలి ఉంటే వదిలెయ్యండి. రెండు మూడు కెమెరాలున్న ఫోన్లు దగ్గరికి వెళ్లగానే తమంతట తామే ఇంకో కెమెరాకి మారిపోతాయి, లెన్స్ ఒకచోట, ఫోటో ఇంకోచోట అవుతుంది. సెట్టింగ్స్‌లో ఆ మారడాన్ని ఆపేస్తే సరిపోతుంది. ఫ్లాష్ మీద టిష్యూ కాగితం అతికిస్తే వెలుగు మెత్తబడుతుంది. బారువ తీరం ఉప్పు గాలికి నా మొదటి క్లిప్ స్ప్రింగు తుప్పు పట్టింది, అందుకే ఇప్పుడు సముద్రం వైపు వెళ్లొచ్చాక తుడిచి డబ్బాలో పెడుతున్నాను.

ఈ లెన్స్ తన డబ్బులకి పూర్తిగా న్యాయం చేసింది మా జీడితోటలో. ఉద్దానంలో పెరిగినవాళ్లకి జీడిచెట్టు మీద ఆకులు కలిపి గూళ్లు కట్టే ఎర్రచీమల గురించి చెప్పక్కర్లేదు, వాటి కుట్టు అందరికీ తెలుసు. ఆ చీమల మధ్య ఒకటి మాత్రం తేడాగా నడుస్తోంది. ఆగి ఆగి కదులుతోంది, ముందు కాళ్లు మీసాల్లా పైకెత్తి ఊపుతోంది. లెన్స్ పెట్టి చూస్తే ముందు రెండు పెద్ద కళ్లు! అది చీమ కాదు, చీమ వేషం వేసిన గెంతే సాలీడు, మిర్మాప్లాటా ప్లాటలియోయిడెస్. వేలు దగ్గర పెడితే దారం వదులుతూ కిందికి జారింది, చీమ అలా చెయ్యదు. మగదానికి నోటి ముందు పొడవాటి దవడలుంటాయి, చూస్తే ఒక చీమ ఇంకో చీమని మోసుకుపోతున్నట్టే ఉంటుంది. అటు వెళ్తున్న తాతగారు ఒకాయన ఆగి "ఏటి బాబూ, అలా ఒంగి చూస్తన్నావు, ఏటైనా పడిపోనాదేటి?" అన్నారు. ఫోన్‌లో పెద్దది చేసి చూపించాను. ఆయన అక్కడే నిలబడి ఇంకో రెండు వెతికిపెట్టారు. అంత వయసులో ఆయన కన్ను నా లెన్స్ కంటే చురుగ్గా పనిచేసింది.

ఆ ఎర్రచీమల్ని మందు కొట్టి చంపేముందు ఒక్కసారి ఆలోచించమని తోటల వాళ్లని అడుగుతాను. జీడిమామిడి చిగుళ్లని, పూతని మాడ్చే టీ దోమ అనే పురుగుని ఆ చీమలు వేటాడతాయి. కాయలు కోసేటప్పుడు కుడతాయన్నది నిజమే, ఆ బాధ నాకూ తెలుసు. చీమలున్న చెట్టూ, లేని చెట్టూ ఒకే వారంలో ఫోటోలు తీసి పెట్టుకుంటే తేడా మీకే కనపడుతుంది.

వరిలో కూడా ఇంతే. విజయనగరం చుట్టుపక్కల వరి మడిలో మొదళ్లు పాయ తీసి చూస్తే నీటి మీద పరుగెత్తే చిన్న తోడేలు సాలీళ్లు కనిపిస్తాయి. పార్డోసా సూడోఆన్యులేటా అనే జాతి ఆసియా వరి పొలాలన్నిటా, వరి రసం పీల్చే సుడిదోమని తినే ముఖ్యమైన వేటగాడు. ఆకుల పైన సన్నటి వల కట్టి, కాళ్లు ముందుకీ వెనక్కీ చాచి ఆకుకి అంటుకుపోయి ఉండేవి టెట్రాగ్నాథా ప్రజాతి సాలీళ్లు. అవసరం లేకుండా సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందులు కొడితే ముందు చచ్చేది ఇవే, ఆ తర్వాత సుడిదోమ ఇంకా ఎక్కువై తిరిగొస్తుంది. ఇది శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చెప్తున్న మాటే. మా బంధువుల్లో ఒక రైతు ఇప్పుడు దోమ కనపడితే నేరుగా మందుల షాపుకి వెళ్లరు, మడిలోకి దిగి దోమలెన్ని, సాలీళ్లెన్ని అని చూసుకుని అప్పుడు నిర్ణయిస్తారు. ఈ యాప్ వాడటం వల్ల జరిగిన మేళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే.

రాత్రి వెతకడానికి నుదుటికి కట్టుకునే టార్చి ముందు కొనండి, యూవీ టార్చి తర్వాత. వెలుగు మన కంటికి దగ్గర నుంచి పడితే నేల మీది తోడేలు సాలీళ్ల కళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి, వాటి కళ్ల వెనక వెలుగుని తిప్పికొట్టే పొర ఉంటుంది. వాన వెలిసిన రాత్రి ఖాళీ స్థలంలో ఆ మెరుపుల వెంట నడిస్తే ఎన్ని సాలీళ్లున్నాయో తెలిసి గుండె నిండిపోతుంది. యూవీ (అతినీలలోహిత) టార్చి తేళ్ల కోసం. ఆ వెలుగులో తేలు నీలం, ఆకుపచ్చ కలిసిన రంగులో వెలుగుతుంది. అప్పుడే కుబుసం విడిచినది మాత్రం చర్మం గట్టిపడే వరకు సరిగ్గా వెలగదు. చవకగా దొరికే 395 నానోమీటర్ల రకంలో ఊదా వెలుగు ఎక్కువగా కనిపించి తేలు మెరుపు కలిసిపోతుంది. 365 రకం ఖరీదైనా అదే తీసుకోండి. ఆ వెలుగు కంట్లో పడకూడదు. బూట్లు, కర్ర లేకుండా వెళ్లొద్దు, చేత్తో రాళ్లు తిప్పొద్దు, కట్లపాములు తిరిగేది కూడా అప్పుడే. ఎర్రతేలు కుడితే మంత్రం, పసరు అంటూ ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, పిల్లలైతే మరీను. మహారాష్ట్రలోని మహద్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రజోసిన్ మందుతో ఎన్నో ప్రాణాలు కాపాడి చూపించారు. టైముకి వెళ్తే వైద్యం ఉంది.

చోటు దాచడం గురించి గట్టిగా చెప్పాలి. నల్లమలలో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో ఉండే నీలిరంగు పెద్ద సాలీడు పోయెసిలోథీరియా మెటాలికాని 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వర్ణించారు. ఇప్పుడది అంతరించిపోయే ప్రమాదం అంచున ఉంది. పెంచుకోవడానికి కొనేవాళ్లు విదేశాల్లో ఉన్నారు, అందుకే ఈ ప్రజాతి మొత్తం 2019లో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కిందికి వచ్చింది. మన ఉత్తరాంధ్ర వైపు తూర్పు కనుమల్లోనూ ఇలాంటి పెద్ద సాలీళ్లున్నాయి. ప్రమాదంలో ఉన్నట్టు గుర్తించిన జాతుల చోటుని యాప్ తనంతట తానే మసక చేస్తుంది. ప్రజాతి దగ్గర ఆగిపోయిన రికార్డుకి ఆ రక్షణ రాకపోవచ్చు కాబట్టి "అబ్‌స్క్యూర్డ్" అని మనమే పెట్టాలి. అప్పుడు మ్యాప్ మీద అసలు చోటు బదులు ఇరవై కిలోమీటర్లకు పైగా వెడల్పున్న గడిలో ఎక్కడో ఒక చుక్క పడుతుంది. మీ ఇంటి ఫోటోలకి కూడా ఇదే పెట్టుకోండి, ముఖ్యంగా ఆడపిల్లలు. అడవిలో ఏదీ పట్టి తెచ్చుకోవద్దు. ఫోటో చాలు.

సిగ్నల్ లేని కొండల్లోనూ పని జరుగుతుంది. జీపీఎస్‌కి మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు, రికార్డు ఫోన్‌లో ఉండి ఇంటికొచ్చాక అప్‌లోడ్ అవుతుంది. లొకేషన్ చుట్టూ గీసే వృత్తం చిన్నదయ్యేదాకా కాస్త ఆగండి. స్నేహితులు వాట్సాప్‌లో పంపే ఫోటోలతో మాత్రం చిక్కు, వాటిలో తేదీ, చోటు చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి. పేర్లు చెప్పేవాళ్లు ఎక్కడెక్కడో కూర్చుని ఊరికే చెప్తున్నారు. సాలీళ్లకైతే నెలల తరబడి ఎవరూ పలక్కపోవచ్చు. పలికినప్పుడు "ఎలా గుర్తుపట్టారు?" అని మర్యాదగా అడగండి. నేను నేర్చుకున్నదంతా దాదాపు అలా అడిగి నేర్చుకున్నదే.

కొత్తవాళ్లకి నేను మొదట ఇచ్చే పని ఆరుద్ర పురుగు. ఎర్ర మఖమల్‌లా మెరుస్తుంది, ఎనిమిది కాళ్లు, సాలీళ్లకి బంధువు. నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి లెన్స్ లేకపోయినా ఫోటో వస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉండి తొలకరికి పైకొస్తుంది, కొద్ది రోజుల్లో మళ్లీ కనపడదు. వానని బట్టి ఒక ఏడు కార్తెకి ముందే, ఒక ఏడు తర్వాత. బొబ్బిలిలో ఏ రోజు వచ్చింది, టెక్కలిలో ఏ రోజు వచ్చింది అని పక్కపక్కన పెట్టి చూడాలంటే అక్కడివాళ్లు ఎవరో ఒకరు ప్రతి ఏడూ నమోదు చెయ్యాలి. మీ ఊళ్లో మొదటిది కనిపించిన సాయంత్రమే పెట్టేయండి, ఫోటో మసకగా ఉన్నా సరే, తేదీ మాత్రం సరిగ్గా ఉండాలి.