పాత వెస్ట్ చూడాలంటే ఏది మేలు: నాట్స్ ఘోస్ట్ టౌనా, డిస్నీ ఫ్రాంటియర్‌ల్యాండా?

కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో పది పన్నెండు కిలోమీటర్ల ఎడంలో రెండు థీమ్ పార్కులున్నాయి. బ్యూనా పార్క్‌లో నాట్స్ బెర్రీ ఫార్మ్, అనహైమ్‌లో డిస్నీల్యాండ్. రెండింటిలోనూ 19వ శతాబ్దపు అమెరికా పశ్చిమాన్ని చూపించే భాగం ఒకటుంది. గనులు, గుర్రాలు, ఆవిరి ఇంజన్లు, చెక్క వరండాల సెలూన్లు అన్నీ ఉంటాయి. నాట్స్‌లో దాన్ని ఘోస్ట్ టౌన్ అంటారు, డిస్నీలో ఫ్రాంటియర్‌ల్యాండ్. చేతిలో ఒక్కరోజే ఉండి, వెళ్లేది పాతకాలాన్ని చూద్దామనే అయితే నేను ఘోస్ట్ టౌన్‌కే వెళ్లమంటాను. అయితే డిస్నీది పైచేయి అయ్యే చోట్లు కూడా ఉన్నాయి.

ఘోస్ట్ టౌన్ పుట్టుకే వేరు. వాల్టర్ నాట్ బెర్రీలు పండించే రైతు. రుడాల్ఫ్ బోయ్సెన్ అనే ఆయన సంకరం చేసి వదిలేసిన ఒక మొక్కను బతికించి, ఆయన పేరుతోనే బోయ్సెన్‌బెర్రీ అని అమ్మాడు. 1934లో భార్య కార్డీలియా తన పెళ్లినాటి పింగాణీ పళ్లేలు బయటికి తీసి, 65 సెంట్లకు చికెన్ డిన్నర్ వడ్డించడం మొదలుపెట్టింది. మొదటిరోజు ఎనిమిది భోజనాలు. కొన్నేళ్లకే జనం గంటల తరబడి క్యూలో నిలబడే స్థాయికి వచ్చింది. వాళ్లకు పొద్దుపోవాలి కదా. వాల్టర్ అమ్మమ్మ 1868లో గుడారపు బండిలో ఎడారి దాటి కాలిఫోర్నియాకు వచ్చిన మనిషి. ఆ తరం కథ చెప్పాలని 1940లో పాడుబడ్డ ఊళ్లు వెతికి, అక్కడి పాత కట్టడాలు కొని, విప్పి, తెచ్చి తన పొలంలో నిలబెట్టడం మొదలుపెట్టాడు. 1968లో చుట్టూ కంచె వేసేదాకా లోపలికి వెళ్లడానికి గేటు టికెట్టే లేదు.

అందుకే అక్కడి బడి నిజంగా బడే. కాన్సాస్‌లోని బెలాయిట్ నుంచి వచ్చిన 1879 నాటి కట్టడం అది. రైలు సంగతి ఇంకా గట్టిది. 1952లో మొదలైన ఘోస్ట్ టౌన్ అండ్ కాలికో రైల్‌రోడ్‌లో నడిచే ఆవిరి ఇంజన్లు 1881లో తయారైనవి. కొలరాడో కొండల్లో న్యారోగేజ్ పట్టాల మీద నిజంగా సరుకులు, మనుషులను మోసినవి. పెట్టెలు కూడా ఆ కాలానివే. దారిలో ముసుగు దొంగలు ఎక్కి పిల్లలను బెదిరిస్తారు, అది వేషమే. కానీ కింద తిరుగుతున్న చక్రం వేషం కాదు. ఒక్కోరోజు ఇంజనుకు బదులు గాలపింగ్ గూస్ అనే వింత బండి వస్తుంది. 1930ల్లో నష్టాల్లో ఉన్న రైలు కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి మోటారు బస్సు లాంటిదాన్ని పట్టాలెక్కించింది. చాలామంది ఆవిరి బండి రాలేదని నిరుత్సాహపడతారు గానీ, రైళ్ల చరిత్రలో ఆసక్తి ఉన్నవాళ్లకు ఈ గూసే అరుదైన బహుమతి.

ఫ్రాంటియర్‌ల్యాండ్ ఇలా పోగుచేసింది కాదు. 1955 జూలైలో పార్కుతోపాటే తెరుచుకుంది. ప్రతిదీ డ్రాయింగ్ బల్ల మీద పుట్టింది. ఆ రోజుల్లో టీవీలో డేవీ క్రాకెట్ అనే సరిహద్దు వీరుడి పేరు మోగిపోతోంది. పిల్లలు తెరమీద చూసిన సరిహద్దు ప్రాంతాన్ని కాళ్లతో తిరిగేలా చేయడమే అసలు ఆలోచన. ఆ పని మాత్రం అద్భుతంగా చేశారు. అక్కడి కృత్రిమ నదిలో తిరిగే మార్క్ ట్వెయిన్ పడవ చూడండి. నీళ్ల కింద దాగిన పట్టా దాన్ని దారి తప్పకుండా నడిపిస్తుంది, కానీ వెనుక చక్రాన్ని తిప్పేది నిజమైన ఆవిరే. దాని మీద నిలబడి ఒడ్డువైపు చూస్తుంటే బయట అనహైమ్ అనే ఊరు ఉందన్న సంగతే గుర్తురాదు. ఈ ఏకాగ్రత ఘోస్ట్ టౌన్‌లో దొరకదు. అక్కడ తల పైకెత్తితే ఏదో ఒక రోలర్ కోస్టర్ కనిపిస్తుంది, కేకలు వినిపిస్తాయి.

డిస్నీ వైపు ఇంకో మంచి మార్కు కొలంబియా ఓడకు వేయాలి. మొదటిసారి ప్రపంచాన్ని చుట్టివచ్చిన అమెరికన్ ఓడ కొలంబియా రెడివివాకు ఇది 1958లో చేసిన ప్రతిరూపం. అమెరికా వాయవ్యాన ఉన్న కొలంబియా నదికి పేరు ఆ అసలు ఓడ నుంచే వచ్చింది. డెక్కు కిందికి దిగితే నావికుల ఇరుకు పడకలు, వంటిల్లు పెట్టి చూపించారు. చాలామంది దిగరు. ఫ్రాంటియర్‌ల్యాండ్‌లో చరిత్ర నేర్పే చోటంటూ ఉంటే అదే. నిజంగా పాతదంటూ మరొకటి ఉంది, ఒడ్డున నిలబెట్టిన రాయిగా మారిన చెట్టు మొద్దు. కొలరాడో నుంచి వాల్ట్ డిస్నీ కొన్నది, 1957లో ఆయన భార్య పార్కుకు ఇచ్చింది. దాని వయసు కోట్ల ఏళ్లు. పాత వెస్ట్ కంటే మరీ పాతదైపోయింది, ఏం చేస్తాం.

రైడ్ల లెక్కలో ఎవరి ఇష్టం వాళ్లది. డిస్నీలో 1979 నాటి బిగ్ థండర్ మౌంటెన్, దాని ఎర్ర రాళ్లకు యూటాలోని బ్రైస్ క్యానియన్ స్ఫూర్తి. నాట్స్‌లో 1960 నాటి కాలికో మైన్ రైడ్, 1969 నాటి దుంగల రైడ్, 1998 నాటి గోస్ట్‌రైడర్ అనే చెక్క కోస్టర్. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు కలిసి ఎక్కాలంటే మైన్ రైడే నాకు నచ్చుతుంది. కుదుపులు తక్కువ, గనిలో పనిచేసే బొమ్మ మనుషులను నింపాదిగా చూడొచ్చు.

అసలు తేడా మార్పుల్లో కనిపిస్తుంది. డిస్నీలో కథ మారితే చరిత్ర కూడా మారిపోతుంది. నది మధ్య ద్వీపంలో ఒకప్పుడు కాలుతున్న గుడిసె, దాని ముందు బాణం దిగిన మనిషి బొమ్మ ఉండేవి. అమెరికా మూలవాసులు తగలబెట్టారని చెప్పేవాళ్లు. అది తప్పుడు చిత్రణ అని గ్రహించి తర్వాత కథ మార్చారు, మంచిదే. కానీ మూలవాసుల నృత్యాలు చూపించిన ఇండియన్ విలేజ్ 1971లో మూతపడ్డాక ఆ స్థాయిలో వాళ్ల మాట చెప్పే చోటు మళ్లీ రాలేదు. 2007లో ద్వీపాన్ని సముద్రపు దొంగల కథకు మార్చేశారు. స్టార్ వార్స్ విభాగానికి జాగా కావాలని 2016లో నదిని ఆపి, పొడవు తగ్గించి, మరుసటి ఏడాది తెరిచారు. గుర్రాలు లాగే స్టేజ్‌కోచ్‌ను డిస్నీ 1959లోనే ఆపేసింది. నాట్స్‌లో అది ఇప్పటికీ నడుస్తోంది.

ఘోస్ట్ టౌన్‌ను కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. కాన్సాస్ బడి, అరిజోనా నుంచి తెచ్చిన హోటల్ ఏ ఊళ్లోనూ పక్కపక్కన లేవు. మూడు వేల పైచిలుకు సీసాలతో కట్టిన ఇల్లు నాట్ కట్టించుకున్నదే. పాతదానికీ కొత్తదానికీ తేడా తెలిపే బోర్డులు సరిపడా లేవు, ఇది నాకు పెద్ద లోటుగానే అనిపిస్తుంది. జైల్లోంచి మీ పేరు పెట్టి పిలిచే ఖైదీ బొమ్మ దగ్గర మాత్రం ఏ బోర్డూ అక్కర్లేదు. మీ వెంట వచ్చినవాళ్లు ముందే గుట్టుగా పేరు అందించి ఉంటారు. ముక్కలు నిజం, ఊరు కల్పితం అనుకుని తిరిగితే సరిపోతుంది. డిస్నీలో ముక్కలే కల్పితం.

ఊరు కూడా నిజమే కావాలంటే మూడో దారి ఒకటుంది. మొహావీ ఎడారిలో బార్‌స్టో దగ్గరి కాలికో. 1881లో వెండి దొరికి పుట్టింది, 1890ల్లో వెండి ధర పడిపోయి ఖాళీ అయింది. వాల్టర్ నాట్ కుర్రాడిగా ఉన్నప్పుడు ఆ ప్రాంతంలోనే ఉన్నాడు. 1951లో ఊరినే కొని, బాగుచేయించి, 1966లో శాన్ బెర్నార్డినో కౌంటీకి ఇచ్చేశాడు. అక్కడా మెజారిటీ కట్టడాలు తిరిగి కట్టినవే, కొన్నే అసలువి. ఎండాకాలంలో మధ్యాహ్నం పూట పిల్లలతో వెళ్లొద్దు, ఎండ చంపేస్తుంది.

నాట్స్‌కు వెళ్లేట్టయితే తేదీ చూసుకోండి. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరంతా చాలా సాయంత్రాలు పార్కును త్వరగా మూసి, రాత్రికి హాలోవీన్ దెయ్యాల కార్యక్రమానికి మళ్లీ తెరుస్తారు. 1973 నుంచి సాగుతున్న ఆనవాయితీ. ఆ రోజుల్లో ఉదయమే వెళ్లి, ముందు రైలెక్కండి. చికెన్ డిన్నర్ హోటల్ గేటు బయటే ఉంటుంది, దానికి టికెట్ అక్కర్లేదు.