పిల్లర్డ్ క్లే అని చెప్పి ఉత్త మట్టి అంటగట్టాడు, జాగ్రత్త

పేరు రాయను. సాల్వెంట్ ఆవిర్లు తక్కువ వేడికే కాలేలా చేసే కెటలిస్ట్ కోసం ఎప్పుడైనా వెతికి ఉంటే ఆ మనిషి మీకూ తెలిసే ఉంటాడు, వాట్సాప్‌లో రోజూ బ్రోచర్ పంపేవాడే.

మా కోటింగ్ లైన్‌లో టోలుయీన్, ఇథైల్ అసిటేట్ ఆవిర్లకు చిన్న ఆక్సిడైజర్, అంటే వాటిని కాల్చేసే యంత్రం, ఉంది. కెటలిస్ట్ లేకుండా కాల్చాలంటే 750 డిగ్రీల పైమాటే, ఆ ఇంధనం ఖర్చు మావల్ల కాదు. అందుకని పిల్లర్డ్ బెంటొనైట్ (పొరల మధ్య స్తంభాలు నిలబెట్టిన బంకమట్టి) మీద 0.3 శాతం ప్లాటినం ఉన్న కెటలిస్ట్ అంటే నమ్మా. శాంపిల్ 250 డిగ్రీలకే శుభ్రంగా కాల్చేసింది. మురిసిపోయి డబ్బంతా ముందే కట్టేశా. అంత తెలివైనవాణ్ణి మరి.

అసలు సరుకు నింపాక 350 దాటినా టోలుయీన్ పోదు. పైగా చిమ్నీ దగ్గర చేదు బాదం వాసన, అంటే సగం కాలి బెంజాల్డిహైడ్ అవుతోంది. ఫోన్ చేస్తే "మీ పెయింట్‌లో సిలికాన్ ఉండుంటుంది సార్, కెటలిస్ట్ చచ్చిపోయింది" అన్నాడు. సిలికాన్ నిజంగానే కెటలిస్ట్‌కి విషం కాబట్టి వారం రోజులు మా డబ్బాలనే అనుమానించా. ఈలోగా ప్రెషర్ డ్రాప్ పెరిగిపోయింది, అంటే గాలి దూరడమే కష్టమైంది. గుళికలు నింపిన బెడ్ తెరిస్తే అడుగున అంతా పొడి.

ఇవాళ పొద్దున, విప్పని బస్తాలోంచి ఒక గుళిక, డ్రాయర్‌లో మిగిలిన శాంపిల్ గుళిక ఒకటి తీసి రెండు గ్లాసుల నీళ్లలో వేశా. శాంపిల్ గుళిక రాయిలా అలాగే ఉంది. రెండోది బుసబుస పొంగి, ఉబ్బి, కాసేపటికి జిగట బురదైంది. పొరల మధ్య అల్యూమినా స్తంభాలు నిలబెట్టి సరిగ్గా కాల్చిన మట్టి అలా ఉబ్బదు. స్తంభాల్లేకపోతే వేడికి పొరలు కూలి ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆవిరి దూరే సందే ఉండదు.

వీడియో పంపా. వెంటనే ఫోన్ చేశాడు. సారీ చెప్తాడనుకున్నా.

"మట్టి కదా సార్, నీళ్లలో వేస్తే బురదవక బంగారమవుతుందా?" అని నవ్వాడు. పక్కన ఇంకెవరో కూడా నవ్వారు. మరి శాంపిల్ ఎందుకు కరగలేదయ్యా అంటే, "అది శాంపిల్ సార్" అన్నాడు. ఎంత తాపీగా అన్నాడో! అందులో అడగడానికేముంది అన్నట్టు. అప్పట్నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

కొనేవాళ్లు వచ్చిన లాట్‌లోంచే గుళికలు తీసి, ఉపరితల వైశాల్యం, లోహం శాతం బయటి ల్యాబ్‌లో చూపించుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి. నీళ్లలో నిలిచినంత మాత్రాన ప్లాటినం ఉన్నట్టు కాదు. కరిగిపోతే మాత్రం బెడ్‌లో నింపకండి, నాలాగా.