నాన్నకి సెకండ్ హ్యాండ్ కారు: వ్యాగనారా, జాజా?

మా నాన్నకి 72. రాజమండ్రిలో ఆయన పాత గేర్ల బండి బాగానే ఉంది, ఎడమ మోకాలే బాలేదు. దేవీచౌక్ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ ఇంటికొచ్చాక గోడ పట్టుకుని మెట్లెక్కుతున్నారు. "ఆటోమేటిక్ కొందాం నాన్నా" అంటే "గేరు మార్చడం నాకు చేతకాదనా?" అని రెండ్రోజులు అలిగారు. చివరికి రెండు బండ్ల దగ్గర ఆగాం: మారుతి వ్యాగనార్ ఏజీఎస్ (2019లో వచ్చిన మోడల్), హోండా జాజ్ సీవీటీ. ఏజీఎస్, సీవీటీ రెండూ ఆటోమేటిక్‌లో రకాలే.

బండిగా చూస్తే జాజే మేలు. సీవీటీలో విడివిడి గేర్లుండవు, రెండు పుల్లీల మధ్య స్టీలు బెల్టు తిరుగుతుంది, కాబట్టి కుదుపు ఉండదు. వ్యాగనార్‌లో ఉన్నది మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మన బదులు మెషిన్ చేస్తుంది. గేరు మారినప్పుడల్లా తల కాస్త ఊగుతుంది, మెడనొప్పి ఉన్నవాళ్లకి అది చిరాకే. కార్లని గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ క్రాష్ టెస్టుల్లో జాజ్‌కి అయిదుకి 4 స్టార్లు. వ్యాగనార్‌కి 2019లో 2 స్టార్లు, కఠినమైన కొత్త పద్ధతిలో 2023లో 1. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కనీసం ముందు రెండు ఎయిర్‌బ్యాగులున్న వ్యాగనారే చూడండి, కొన్ని పాత బండ్లలో డ్రైవర్‌కి ఒక్కటే ఉంటుంది.

ఇంకో తేడా షోరూమ్‌లో ఎవరూ చెప్పరు. జాజ్‌లో ఆపిన బండి కదలకుండా పట్టి ఉంచే 'పి' (పార్కింగ్) ఉంది, వ్యాగనార్ ఏజీఎస్‌లో లేదు. గేరులో ఉంచి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వెయ్యాలి. మతిమరుపున న్యూట్రల్‌లో వదిలేసి, హ్యాండ్‌బ్రేక్ కూడా మరిస్తే, కాస్త వాలున్నా బండి దానంతటదే కదిలిపోతుంది. ఇక అన్నవరం కొండెక్కేటప్పుడు మధ్యలో ఆగితే పాత ఏజీఎస్ వెనక్కి జారుతుంది. 2022 మార్పుల్లో ఏజీఎస్ బండ్లకి హిల్ హోల్డ్ (ఎత్తులో బండిని జారకుండా కాసేపు పట్టి ఉంచేది) ఇచ్చారు. అందుకే మేం అంతకంటే పాతవి చూడటం మానేశాం.

ఇన్ని మార్కులు జాజ్‌కి వేశాక కూడా నేను వ్యాగనార్ వైపే మొగ్గాను. కారణం ఒక చిన్న పరీక్ష. రెండు బండ్లలోనూ నాన్నని అయిదేసిసార్లు ఎక్కి దిగమన్నాను. వ్యాగనార్ సీటు నడుము ఎత్తులో ఉంటుంది, కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంటే చాలు. అయిదోసారి కూడా ఆయన దేన్నీ పట్టుకోలేదు. జాజ్‌లో కిందికి దిగబడి కూర్చోవాలి. రెండోసారి లేచేటప్పటికే డోరు మీద చెయ్యి పడింది, మూడోసారి "ఇక చాల్రా" అన్నారు. ఆయన తిరిగేది మార్కెట్టు, గుడి, ఆసుపత్రి. రోజుకి ఆరేడుసార్లు ఎక్కి దిగాల్సిన బండి అది. అదే వారానికోసారి హైవే ఎక్కే పెద్దాయనైతే కళ్లు మూసుకుని జాజే చెప్పేవాణ్ణి.

రిపేర్ల సంగతి కూడా ఉంది. వ్యాగనార్ క్లచ్ అరిగితే మారుతి సర్వీస్ సెంటర్ ఉన్న ఏ ఊళ్లోనైనా మారుస్తారు. సీవీటీ మీద వీధి చివరి మెకానిక్ చెయ్యి వెయ్యడు. జాజ్ అమ్మకాలు కూడా 2023లో ఆగిపోయాయి. కొనాలనుకుంటే సీవీటీ ఆయిల్ మార్చిన బిల్లు అడగండి, లేకపోతే వెనక్కి వచ్చేయండి.

మేం చూసిన ఒక జాజ్ అద్దంలా మెరుస్తోంది. సీటు బెల్టు చివరిదాకా లాగితే ఎండిన బురద చారలు. 2024 సెప్టెంబరు బుడమేరు వరద గుర్తొచ్చింది. "పిల్లలు పాలు ఒలికించారండీ" అన్నాడు బ్రోకరు. స్టెపినీ గుంట కూడా చూసి బయటపడ్డాం. కాగితాల్లో బండి మన పేరుకి మారడానికి ఫారం 29, 30, పాత లోనుంటే అది తీరిందని చూపే 35, రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో చలాన్లు చూసుకుంటే సరి.

ఏ ఆటోమేటిక్ కొన్నా మొదటి పది రోజులు ఖాళీ గ్రౌండే. నాన్న ఎడమ కాలు క్లచ్ కోసం వెతికి బ్రేకు మీద పడింది, ఇద్దరం ముందుకి తూలాం. ఆ కాలి చెప్పు విప్పించాను. ఇప్పుడు వట్టి పాదం పెడల్‌కి తగలగానే, నేను చెప్పకముందే, ఆయనే వెనక్కి తీసుకుంటున్నారు.